పాదిరిగారూ, నాలుగు కన్నుల సాలీడూ

సాలీడు మన సాహిత్యానికి గాని, మన విశ్వాసాలకు గాని కొత్త జీవి కాదు. శ్రీకాళహస్తి అను క్షేత్రనామంలోని తొలి భాగమైన శ్రీ సాలెపురుగే యని స్థలపురాణం చెప్పుచున్నది. ధూర్జటి మహాకవి ఆ సాలీడును, సర్పాన్ని, ఏనుగును భక్తులుగా మలచి ప్రబంధం సంతరించాడు. పవిత్ర ఖురాన్‌లో 29వ అధ్యాయానికి అల్ అన్కబూత్ అని పేరు, అనగా సాలీడు. దైవప్రవక్త మహమ్మద్ (స) వారు మక్కా విడిచి మదీనాకు తరలిపోవు వేళ సౌర్ గుహలో తలదాచుకొన్నారనీ, ఆ గుహ ముఖాన సాలీడు గూడు అల్లి వెంబడించు వారి దృష్టిని మరల్చిందనీ మన ఇండ్లలో పెద్దలు పిల్లలకు నేటికీ చెప్పుచుందురు. ఇన్ని గాథలు విన్న మనం ఆ సాలీటికి కన్నులెన్ని యని ఎన్నడూ అడిగి యెరుగము.

తెలుగు బోధించు మేము ఈ విషయంలో తల దూర్చడానికి కారణమొక్కటి గలదు. ఒకనాడు వానలు వెలిసిన పిమ్మట జంతుశాస్త్ర శాఖలోని మిత్రులు విద్యార్థులతో కలసి ఆవరణలోని వేపచెట్ల క్రింద కుళ్ళిన ఆకులను జల్లెడ పట్టి తెల్లని గుడ్డపై దులుపుచుండగా మేమును అటు వెళ్ళితిమి. గుడ్డపై ఆవగింజలో సగమైనా లేని ధూళికణ మొకటి కదలినది. భూతద్దంలో చూడగా దానికి ఎనిమిది కాళ్ళు! ఒక విద్యార్థి దీనిని తెలుగులో ఏమందురని మమ్మడిగాడు. సాలీడు అంటిమి. ప్రక్కనున్న ఉర్దూ విద్యార్థి మకడీ అన్నాడు. అది అన్ని సాలీళ్ళకూ కలిపి పేరు గదా, దీని సొంత పేరేమని మొదటివాడు మరల ప్రశ్నించాడు. మా వద్ద జవాబు లేకపోయినది. ఆ జవాబు వెదకుచు పుస్తకాలు తిరుగవేయగా మాకు తారసపడిన మహనీయుడు రెవరెండ్ ఆక్టేవియస్ పికార్డ్-కేంబ్రిడ్జి.

ఆయన 1828వ సంవత్సరం నవంబరు 3వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగాన డార్సెట్ జిల్లాలోని బ్లాక్స్‌వర్త్ అను చిన్న గ్రామంలో, చర్చి పాదిరి నివాసగృహంలో జన్మించారు. తండ్రి జార్జి పికార్డ్ గారు ఆ గ్రామానికి పాదిరి. దగ్గరి బంధువర్గం నుండి ఆస్తి సంక్రమించిన ఫలితంగా 1848లో ఆ కుటుంబం తన పేరునకు కేంబ్రిడ్జి అను మాటను చేర్చుకొన్నది. దీనిని చూచి ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పండితుడని పొరబడువారు గలరు. మేమును మొదట అట్లే పొరబడితిమి. ఆయనకు బాల్యంలో చదువు చెప్పినవారిలో డార్సెట్ మాండలికంలో కవిత్వం వ్రాసి పేరు పొందిన విలియం బార్న్స్ ఒకరు. ఆంగ్ల సాహిత్యం చదువు మన విద్యార్థులకు థామస్ హార్డీ నవలలలోని ఎగ్డన్ హీత్ గుర్తుండును. ముండ్లపొదలు, చిత్తడినేలలు, గడ్డిదుబ్బులు తప్ప పంటకు అక్కరకురాని ఆ బీడుభూములే బ్లాక్స్‌వర్త్ చుట్టుప్రక్కల గలవు. రైతునకు పనికిరాని ఆ నేల సాలీళ్ళకు మాత్రం స్వర్గధామం.

ఆయన లండనులో కొంతకాలం న్యాయశాస్త్రం చదివారు గాని అది రుచించలేదు. పిదప డర్హం విశ్వవిద్యాలయంలో వేదాంతవిద్య అభ్యసించి, 1858లో క్రైస్తవ మతాచార్యునిగా దీక్ష తీసుకొన్నారు. లాంకషైరులోని స్కారిస్‌బ్రిక్‌లో రెండేండ్లు పనిచేసి 1860లో స్వగ్రామానికి తిరిగివచ్చి తండ్రికి సహాయకుడైనారు. 1868లో తండ్రి స్థానంలో పాదిరియై, నలుబది తొమ్మిదేండ్లు ఆ పదవిలోనే యుండి అక్కడనే కన్నుమూశారు. పుట్టిన ఇంటనే జీవితంలో అత్యధిక భాగం గడిపిన ఈ మనిషి బల్లపైకి సింహళం, ఆస్ట్రేలియా, మడగాస్కర్, యార్కండ్, మధ్య అమెరికా దేశాల జీవులు సారాయి నింపిన గాజుగొట్టాలలో నడచివచ్చినవి.

సాలీళ్ళపై ఆయనకు ఆసక్తి కలిగించిన గురువు జాన్ బ్లాక్‌వాల్. ఈ బ్లాక్‌వాల్ గారి సంగతి కొంత చెప్పక తప్పదు. 1790లో పుట్టిన ఈయన మాంచెస్టరులో నారబట్టల వ్యాపారం చేసి, తరువాత ఉత్తర వేల్సులోని లాన్‌రూస్ట్ సమీపాన హెండ్రె అను ఇంట స్థిరపడినారు. బట్టల వర్తకుడు సాలీటి నేతపై మోజుపడుటలో వింత యేమున్నది! 1833లోనే ఆయన వాల్కనేరియా అను కొత్త ప్రజాతిని వర్ణించారు. అందులోనివి కొద్ది మిల్లీమీటర్లకు మించని అల్పజీవులు. వానిలో ఒక జాతి మగదానికి తలపై సన్నని స్తంభం వలె ఒక కొమ్ము లేచి, కన్నులు కొన్ని ఆ స్తంభం నడుమను, కొన్ని దాని కొనను అమరియుండును. మన మసీదు మినారుపై దీపాలు పెట్టినట్లుండునని మా మిత్రులు చమత్కరించారు. కంటికి కనబడని ఇట్టి జీవులలో ఇంతటి శిల్పం గలదని బ్లాక్‌వాల్ చూపకముందు ఎంతమందికి తెలియును?

పికార్డ్-కేంబ్రిడ్జి 1850ల నాటికి ఈ వృద్ధునికి శిష్యుడైనారు. అప్పటికే బ్లాక్‌వాల్ బ్రిటన్, ఐర్లండు దేశాల సాలీళ్ళన్నింటిపై గొప్ప గ్రంథం వ్రాసియున్నారు. కాని అది ఏండ్ల తరబడి అచ్చుకు నోచుకొనలేదు. చివరకు రే సొసైటీవారు 1861లో ఒక భాగాన్నీ, 1864లో రెండవ భాగాన్నీ ప్రకటించారు. నమూనాలిచ్చి ఆ గ్రంథానికి తోడ్పడినవారిలో శిష్యుడు కూడ ఉన్నారు. ఈ జాప్యం వలన వచ్చిన చిక్కు సామాన్యమైనది కాదు. జీవులకు పేర్లు పెట్టుటలో ఒక కఠిన నియమం గలదు: మొదట అచ్చైన పేరే చెల్లును. సాలీళ్ళ విషయంలో ఆ లెక్క స్వీడన్ దేశీయుడు క్లెర్క్ 1757లో ప్రకటించిన గ్రంథంతో మొదలగును. తక్కిన జంతువులన్నింటికీ లిన్నేయస్ 1758 నాటి గ్రంథం ఆది కాగా, సాలీళ్ళకు మాత్రమే ఈ ఒక్క సంవత్సరం అదనపు గౌరవం. బ్లాక్‌వాల్ వ్రాతప్రతి పెట్టెలో మ్రగ్గుచుండగా ఐరోపా ఖండంలో ఇతరులు ఊరకుండలేదు. స్వీడన్‌లో వెస్ట్రింగ్ తన దేశపు సాలీళ్ళ గ్రంథాన్ని సరిగా 1861లోనే వెలువరించారు. ఒకే జీవికి ఇద్దరు ముగ్గురు వేర్వేరు పేర్లు పెట్టుట, ఏది ముందో తేల్చుటకు తరువాతివారు తలలు పట్టుకొనుట జరిగినది. తోరెల్ అను మరియొక స్వీడన్ పండితుడు ఆ ముడులు విప్పుటకే 1870 నుండి 1873 వరకు ఒక పెద్ద గ్రంథం వ్రాయవలసివచ్చినది. ఒక మనిషి ముప్పది నలుబది యేండ్ల శ్రమ అచ్చుయంత్రం ఆలస్యంతో ఎంత చిక్కుబడునో పికార్డ్-కేంబ్రిడ్జి దగ్గరనుండి చూశారు. ఆయన 1859 ప్రాంతం నుండి చిన్న చిన్న వ్యాసాలుగా తన పరిశీలనలను వెంటవెంటనే అచ్చువేయించుటకు ఇదియే కారణమై యుండునని మా ఊహ.

ఇంటిపట్టున ఉండు ఈ మనిషి జీవితంలో ఒక పెద్ద యాత్ర మాత్రం గలదు. 1863 నుండి 1865 వరకు ఆయన ఐరోపా మీదుగా ఈజిప్టు, పాలస్తీనా, సిరియా దేశాలు పర్యటించారు. బైబిలు పుణ్యస్థలాలు దర్శించుట మతాచార్యునికి సహజమే గాని, రాళ్ళు తిరుగవేసి సాలీళ్ళు పట్టుట అక్కడివారికి విడ్డూరంగానే తోచియుండును. ఆ యాత్రాఫలంగా 1872లో పాలస్తీనా, సిరియా దేశాల సాలీళ్ళ పట్టికయు, 1876లో ఈజిప్టు సాలీళ్ళ పట్టికయు వెలువడినవి. ఆ దేశాల సాలీళ్ళను గూర్చి నేడు పరిశోధించువారు కూడ ఆ రెంటినీ తడవక ముందుకు పోలేరు. తిరిగివచ్చిన పిమ్మట 1866లో రోజ్ వాలెస్ అను ఆమెను వివాహమాడారు. వారికి ఆరుగురు కుమారులు.

ఇక 1873. ఈ యేడాది జనవరిలో ఆయన ఇంట ఆర్థర్ అను కుమారుడు పుట్టినాడు. ఆ బాలుడు తరువాత ప్రాచీన గ్రీకు నాటకరంగంపై ప్రామాణిక గ్రంథాలు వ్రాసిన పండితుడైనాడు. ఆ యేడాదియే తండ్రి మరియొక గ్రీకు పేరును లోకానికిచ్చారు: టెట్రాబ్లెమ్మా. టెట్రా యనగా నాలుగు, బ్లెమ్మా యనగా చూపు. నాలుగు చూపుల జీవి యని అర్థం.

సింహళదేశంతో ఆయనకు అప్పటికే సంబంధముండెను. పెరదేనియా ఉద్యానవన అధిపతి త్వైట్స్ వృక్షశాస్త్రజ్ఞుడే గాని, సాలీళ్ళను కూడ సేకరించువారు. త్వైట్స్ పేరిట పికార్డ్-కేంబ్రిడ్జి 1869లో ఒక సాలీటికి, 1870లో మరియొక దానికి నామకరణం చేశారు. ఆ ద్వీపం నుండియే వచ్చినది మన కథానాయకి. దాని శరీరం మిల్లీమీటరు మాత్రం. నాటి ఆంగ్ల వర్ణనలలో కొలత లైనులలో ఇత్తురు. అంగుళంలో పన్నెండవ వంతు ఒక లైను. ఈ జీవి పొడవు ఆ లైనులో సగం దగ్గర నిలుచును. ఎండిన ఆకుల క్రింద, మన్నులో తేమ నిలుచు చోట దీని నివాసం. పొత్తికడుపుపై మామూలు సాలీళ్ళకుండు మెత్తని చర్మం బదులు గట్టి పలకలు, యోధుని కవచం వలె ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చియుండును. అన్నింటికంటె వింత, దీనికి కన్నులు నాలుగే.

ఇక్కడ చదువరులు ఒక్క నిమిషం ఆగవలెను. సాలీళ్ళలో అత్యధికభాగానికి కన్నులు ఎనిమిది. కొన్ని కుటుంబాలలో ఆరు. ఇది ఆనాటికి రూఢియైన సంగతి. కన్నుల సంఖ్య, అమరికలను బట్టియే కుటుంబాలను విభజించుట పరిపాటి. అట్టి కాలంలో నాలుగు కన్నుల సాలీడు బల్లపైకి వచ్చినచో వర్ణనకారుని యెదుట రెండు దారులుండును. ఆరు వ్రేళ్ళ శిశువు పుట్టినట్లు, ఇది అవయవలోపంతో పుట్టిన ఏదో మామూలు సాలీడని తలచి ప్రక్కన పెట్టవచ్చును. సాలీళ్ళలో ఒకటి రెండు కన్నులు లోపించి పుట్టినవి అరుదుగానైనను కనిపించుచునే యుండును. లేదా, ఇది ప్రకృతి నిజంగా చేసిన వేరొక ఏర్పాటని నమ్మి, దానికి కొత్త స్థానమీయవచ్చును. మొదటి దారిలో పొరబడినచో ఒక సత్యం మరుగున పడును. రెండవ దారిలో పొరబడినచో పేరు పెట్టినవాడు నవ్వులపాలగును, ఆ నవ్వు గ్రంథాలలో శాశ్వతంగా నిలిచిపోవును. జంతుశాస్త్రంలో కొట్టివేసిన పేరు కూడ చెరిగిపోదు. సమానార్థకాల పట్టికలో పెట్టినవాని పేరుతో సహా పడియుండును.

పికార్డ్-కేంబ్రిడ్జి రెండవ దారినే పట్టినారు. కన్నుల లెక్క ఒక్కటే యైనచో సందేహించవచ్చును గాని, కవచం వంటి పలకలు, అవి అమరిన తీరు వంటి లక్షణాలు అంగవైకల్యం వలన వచ్చునవి కావు గదా. ఆయన కొత్త జాతిని మాత్రమే గాక, కొత్త ప్రజాతిని, అంతటితో ఆగక టెట్రాబ్లెమ్మిడే అను కొత్త కుటుంబాన్నే నెలకొల్పినారు. జాతికి మీడియోక్యులేటమ్ అని, అనగా నడిమి కన్నులు గలదియని పేరిడినారు. ఒక పల్లెటూరి పాదిరి, తాను ఎన్నడూ కాలుపెట్టని ద్వీపం నుండి వచ్చిన ధూళికణం వంటి జీవిని చూచి, ఇది లోకంలోని తక్కిన సాలీళ్ళ యిండ్లలో దేనికీ చెందదు, దీనికి వేరే యిల్లు కట్టవలెనని తీర్మానించుట సాహసం కాక మరేమి?

ఆ తీర్మానం నిలిచినది. తరువాతి నూరేండ్లలో సింహళం, భారతదేశం, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవులు, ఆఫ్రికా, అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాల నుండి ఈ కుటుంబానికి చెందిన జీవులు ఒక్కటొక్కటిగా దొరకినవి. వానిలో కొన్నింటికి ఆరు కన్నులు, కొన్నింటికి రెండే. గుహలలో నివసించు కొన్నింటికి అసలే లేవు. 1978లో అమెరికా పండితుడు షియర్, 1981లో ఫిన్లండు పండితుడు లెహ్టినెన్ ఈ కుటుంబాన్ని సమూలంగా పునఃపరిశీలించారు. నేడు ఇందు నూటికి మించిన జాతులు గలవు. మన దేశంలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు తరువాత డైరెక్టరైన బి.కె. టికాదర్ గారు 1976లో వర్ణించిన ఒక జాతి నేడు టెట్రాబ్లెమ్మా దక్కనెన్సే అను పేరుతో ఈ ప్రజాతిలోనే చేరియున్నది. దక్కను పేరు గల ఆ జీవి మన వేపచెట్ల క్రింద కూడ ఉండునేమో వెదకినవారు లేరు.

మన ఆంధ్రదేశానికి సాలీళ్ళ నామకరణ చరిత్రలో వేరొక విధంగా చోటు గలదు. ఆయనకు సమకాలికుడైన పోకాక్ 1899లో వర్ణించిన నీలివర్ణపు పెద్ద సాలీడు గుత్తి రైల్వే కలప నిలువలో దొరకినది. ఆ పిమ్మట నూరేండ్లు దానిని మరల ఎవ్వరూ చూడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అది సజీవంగా కనబడినది. అరచేతి ప్రమాణంలో, నెమలికంఠపు రంగులో మెరయు జీవియే నూరేండ్లు దాగియుండగలిగినప్పుడు మిల్లీమీటరు జీవుల మాట చెప్పవలెనా!

భారతదేశంతో పికార్డ్-కేంబ్రిడ్జికి గల సంబంధం విషాదభరితమైనది. కలకత్తాలోని భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేయుచుండిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా అను మొరేవియా దేశీయుడు 1873-74లో ఫోర్సైత్ రాయబారంతో కాశ్మీరం, లడక్ మీదుగా యార్కండ్ వెళ్ళి, దారి పొడుగునా రాళ్ళను, పక్షులను, పురుగులను సేకరించాడు. తిరుగు ప్రయాణంలో 1874 జూన్‌లో కారకోరం కనుమ దాటి వచ్చుచు, పర్వతాలలోనే మరణించాడు. స్టోలిచ్కా స్వయంగా భారతదేశపు సాలీళ్ళపై 1869లో వ్యాసం వ్రాసియున్నవాడు. బ్రతికియున్నచో ఆ సేకరణను తానే వర్ణించియుండెడివాడు. ఆ సాలీళ్ళు బ్లాక్స్‌వర్త్ చేరినవి. వాని వర్ణన 1885లో అచ్చైనది. తాను ఎరుగని పర్వతాలలో ప్రాణం విడిచిన మనిషి పట్టిన సాలీళ్ళను ఒక్కటొక్కటిగా పరిశీలించి పేర్లు పెట్టుట మరణించినవాని అసంపూర్ణ వాక్యాన్ని పూర్తిచేయుట వంటిది.

ఆయన పెట్టిన పేర్లలో ఒకటి నేడు ఆసుపత్రులలో మారుమ్రోగుచున్నది. 1877లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక నల్లని సాలీటికి ఏట్రాక్స్ రోబస్టస్ అని నామకరణం చేశారు. సిడ్నీ నగర పరిసరాలలోని ఆ సాలీటి విషం ప్రాణాంతకమని తరువాత తెలిసినది. 1981లో విరుగుడు మందు వాడుకలోకి వచ్చువరకు పలువురు మరణించారు. సారాయి సీసాలో చచ్చిపడియున్న జీవిని వర్ణించునాడు ఆయనకు ఆ సంగతి తెలియు మార్గమే లేదు. అట్లే 1881లో మడగాస్కర్ నుండి వచ్చిన విచిత్రజీవిని ఎరియోకీనియస్ అను ప్రజాతిగా వర్ణించారు. దాని మెడ కొంగమెడ వలె పొడవు, దవడలు ఈటెల వలె చాచియుండును. అట్టివి బాల్టిక్ తీరపు అంబరు బంకలో చిక్కి శిలాజాలైనవి మాత్రమే 1854లో కోఖ్, బెరెంట్ అను పండితులు చూపియుండిరి. శిలలో చూచిన వంశం సజీవంగా ప్రత్యక్షమైనట్లైనది.

ఇన్ని దూరదేశాల నడుమ ఆయన తన ఊరిని మరువలేదు. 1879 నుండి 1881 వరకు రెండు సంపుటాలలో ది స్పైడర్స్ ఆఫ్ డార్సెట్ అను గ్రంథం ప్రకటించారు. పేరునకు జిల్లా గ్రంథమే గాని నాటికి బ్రిటన్‌లో తెలిసిన ఇతర సాలీళ్ళ వివరాలు కూడ అందులో గలవు. ఆ రోజులలోనే, 1879లో, ఆయన థెరిడియన్ మినుటిస్సిమం అను జాతిని వర్ణించారు. మినుటిస్సిమం అనగా అత్యల్పం. మిల్లీమీటరును కొంచెం దాటు జీవి. రెండేండ్లకు ఫ్రెంచి పండితుడు యూజేన్ సిమోన్ దానికి థియోనో యను వేరు ప్రజాతిని కల్పించారు. ఆయన కుమారులు కూడ తండ్రి వెంట బీడుభూములలో తిరుగువారు. 1884, 1885లలో ఆ పిల్లల చేతికి చిక్కిన ఒక చిమ్మటకు, ఒక చిన్న నీలి సీతాకోకచిలుకకు నేటికీ ఆంగ్లంలో బ్లాక్స్‌వర్త్ ఊరి పేరే వాడుచున్నారు. నాలుగు వందల గడప లేని పల్లె పేరు పురుగుల పేర్లలో శాశ్వతమగుట మాకు ముచ్చట గొలిపినది.

ఆయన లోపాలను దాచుట మా ఉద్దేశం కాదు. అల్పకాయపు సాలీళ్ళను ఆయన చాలవరకు ఎరిగోనే, వాల్కనేరియా వంటి కొద్ది ప్రజాతులలోనే నింపినారు. పెద్ద బోషాణంలో బట్టలన్నీ కుక్కినట్లు. 1884లో సిమోన్ ఆ బోషాణాన్ని విప్పి అనేక ప్రజాతులుగా వేరుచేశారు. ఆయన పేరిడిన జాతులు తొమ్మిది వందలకు మించును గాని, వానిలో కొన్నింటికి అంతకుముందే ఇతరులు పేరిడియుండిరని తరువాత తేలినది. గురువు బ్లాక్‌వాల్‌కు జరిగిన అన్యాయాన్ని చూచినవాడే తానును అట్టి పొరపాట్లు చేసినాడు. అయినను, కొత్త కుటుంబం నెలకొల్పవలసిన చోట వెనుకంజ వేయలేదు గదా యని మేము సమాధానపడుచున్నాము.

లోకం ఆయనను గుర్తించకపోలేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొమ్మిదవ ముద్రణలో సాలీళ్ళు, తేళ్ళు గల వర్గంపై వ్యాసం ఆయనదే. డార్విన్ తన మానవ పరిణామ గ్రంథం 1874 నాటి రెండవ ముద్రణలో నెఫిలా సాలీళ్ళలో మగది ఏల అంత చిన్నదో వివరించుచు ఆయన అభిప్రాయాన్ని పేర్కొన్నాడు: చిన్న మగదానిని పట్టి తినుట ఆడదానికి కష్టమగుటచేత తరతరాలుగా చిన్నవే మిగిలినవని ఆయన తలంపు. చర్చి వేదికపై నిలుచు మనిషి డార్విన్‌కు సాక్ష్యమిచ్చుట నాటి ఇంగ్లండులో తేలికైన సంగతి కాదు. 1887లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. 1889 నుండి 1902 వరకు మధ్య అమెరికా జీవజాలంపై గాడ్మన్, సాల్విన్‌లు వెలువరించిన మహాగ్రంథంలో సాలీళ్ళ మొదటి సంపుటం ఆయన వ్రాయగా, రెండవదానిని సోదరుని కుమారుడు ఫ్రెడరిక్ ఆక్టేవియస్ చేపట్టినాడు. ఆ సంపుటం 1905లో ముగిసినది. ఆ యేడే ఫ్రెడరిక్ నలుబది యైదేండ్లైనను నిండకయే మరణించాడు. వృద్ధుడైన పినతండ్రి పనిచేయుచునే యుండెను.

1917 మార్చి 9వ తేదీన, ప్రపంచయుద్ధం మధ్య, ఎనుబది యెనిమిదవ యేట ఆయన పుట్టిన గ్రామంలోనే తనువు చాలించారు. మరుసటి యేడు కుమారుడు ఆర్థర్ తండ్రి జీవితచరిత్ర ప్రకటించాడు. ఆయన జీవితకాలమంతా కూడబెట్టిన సాలీళ్ళు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంనకు చేరినవి. సన్నని గాజుగొట్టాలు, వానిని నింపిన పెద్ద జాడీలు, చేతివ్రాత చీటీలు. నాటి జాతుల పేర్లను సరిచూడవలసివచ్చిన పండితులు నేటికీ ఆ జాడీలనే తెరచుచున్నారు.

ఇంతకు, మా విద్యార్థి ప్రశ్న మిగిలియున్నది. మేము ఈ చరిత్ర చెప్పగా విని, ఆవరణలో దొరికిన దానికి కన్నులెన్నియని అతడు మరల అడిగాడు. జంతుశాస్త్ర మిత్రులు సూక్ష్మదర్శినిలో చూచి ఆరని చెప్పినారు. అది టెట్రాబ్లెమ్మా కాదు. అంతకు మించి చెప్పవలెనన్నచో నిపుణులకు పంపవలెను. ప్రస్తుతం అది ప్రయోగశాల బీరువాలో, సారాయి నింపిన చిన్న సీసాలో గలదు. చీటీపై తేదీ, వేపచెట్టు క్రింద అని తెలుగులోను, నీమ్ కే నీచే అని ఉర్దూలోను విద్యార్థులిద్దరూ వ్రాసియుంచారు. పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడిచిపెట్టినారు.